చింతపండుతో తోమిన తుపాకీ

గల్ఫ్ యుద్ధం ముగిసి, సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీలోని ఇంటికి తిరిగొచ్చాక కొన్ని నెలలు నాకు మసి తుడవడమే పని. అవతల కువైట్‌లో నూనె బావులు తగలబడుతుంటే ఆ పొగంతా వచ్చి మా కిటికీల మీదే కూర్చునేది. కడప జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చినదాన్ని. చింతపండు, ఉప్పు వేసి నేను తోమితే ఎంత నల్లబడిన బిందైనా తళతళలాడాల్సిందే. ఆ విషయంలో నాకు కాస్త పొగరుండేది.

ఆ ఇంటి పెద్దాయనను బాబా అని పిలిచేదాన్ని. ఆయనకు పాత తుపాకుల పిచ్చి. ముందున్న చెక్కపిడిని వెనక్కి లాగి తోస్తే తూటా ఎక్కే పంప్ షాట్‌గన్లంటే మరీను. ఎవరు పాతది కొనాలన్నా ఆయన చూసి ఊ అనాల్సిందే. గొట్టంలోంచి వెలుతురు చూసేవాడు. పిడిని ఆడించి చప్పుడు వినేవాడు. స్క్రూల తలల మీది గాళ్లు చెదిరి ఉంటే ఎవరో విప్పి కెలికారని పక్కన పెట్టేసేవాడు. ఫ్యాక్టరీలో వేసిన నల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుందట. దాన్నిబట్టి వయసు చెప్పేవాడు. ఆ రంగు చెరిగితే పాతదానికి విలువే ఉండదట. వాళ్ల అరబ్బు కాఫీ, గావా పోస్తూ ఇదంతా ఎన్నిసార్లు విన్నానో. విని ఏం లాభం?

ఒక స్నేహితుడి కోసం బాబా రెండు తుపాకులు తెప్పించి, ఒకటి వెనక్కి పంపేశాడు. రెండోదాన్ని చూసి మురిసిపోయి ఫోన్ చేశాడు.

"మన నాన్నల కాలంది. రంగు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. రేపొచ్చి తీసుకెళ్లు."

మర్నాడు గది ఊడుస్తూ దాన్ని చూశాను. ఇనుమంతా నల్లగా, గోధుమగా ఉంది.

"దీనికి గూడా మసేనా! థూ, ఎట్లా పట్టిండాదో సూడు," అనుకుంటూ చింతపండు నానబెట్టాను. తెల్లగా మెరిసేదాకా తోమి, మెచ్చుకుంటాడని బల్ల మీద పెట్టాను.

సాయంత్రం ఆ స్నేహితుడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. బాబా తుపాకీ అందుకుని ఆగిపోయాడు. గొట్టాన్ని వాసన చూశాడు. తలుపు దగ్గర ట్రేతో నిలబడ్డ నా వైపు చూశాడు. నేనేం తోమేశానో అప్పుడు గానీ నాకు తట్టలేదు.

"బాబా, నేను..." అన్నాను. చెయ్యెత్తి ఆపాడు.

"నాదే పొరపాటు," అన్నాడు వాళ్లతో. "ఎవరో కొత్తగా మెరుగు పెట్టారు. నిన్న నా కంటికి ఆనలేదు. నువ్వు కొనొద్దు, దీన్ని నేనే ఉంచుకుంటాను."

"తుపాకుల వయసు చెప్పేవాడికి తన వయసు తెలియట్లేదే!" అని వాళ్లు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వాళ్లెదుటే నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

వాళ్లు వెళ్లాక ఏడుస్తుంటే, "మాలేష్, పోనీలే," అన్నాడు. "దీనికి కాస్త నూనె రాయి. నీ పులుపు మాత్రం వంటకే ఉంచు."

ఆ చలికాలం వేటకు వెళ్లేవాళ్లు ముందే తుపాకీ కొనేసుకుని, మాటవరసకు తెచ్చి చూపించేవాళ్లు. ఆయన గొట్టంలోంచి వెలుతురు చూసి, "మంచిదే," అని తిరిగిచ్చేసేవాడు. దాని వయసెంతని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేను గావా గిన్నెలు పెట్టేసి, ఆయన ముఖం చూడలేక, గబగబా వంటింట్లోకి వచ్చేసేదాన్ని.