సీనియర్ అన్న మాట లేని ఆఫర్

మొన్న పొద్దున కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో చాయ తాగుతుంటే, ఒకప్పుడు నన్ను ఇంటర్వ్యూ చేసిన హైదరాబాదు కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి ఫోను చేసి, పెద్ద ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది, వస్తారా మేడమ్ అని తీయగా అడిగింది. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు, అయినా ఆ కంపెనీ పేరు వినగానే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండి, రానని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాను.

ఆ ఇంటర్వ్యూ నాటికి నేను పనిచేస్తున్న చిన్న కంపెనీ రేపో మాపో మూతపడేలా ఉంది. సీనియర్ ఇంజనీరు ఉద్యోగానికి పిలుపు రాగానే ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను. బల్ల అవతల ముగ్గురు. నడుమ కూర్చున్న పెద్దమనిషి నా ఇంగ్లీషు రెండు వాక్యాలు విని మొహం చిట్లించి, తెలుగులోనే చెప్పమన్నాడు. ఒకేసారి వేలమంది వచ్చిపడితే సర్వర్ కూలిపోకుండా ఏం చేస్తావన్నది ప్రశ్న. మెట్‌పల్లిలో పుట్టినదాన్ని, నాకు తోచిన పోలికే చెప్పాను.

"వేములవాడల సోమవారం జనమంతా ఒక్కపారి గుడిలకు ఉరికితే తొక్కులాటే గద సార్. లైన్ల పెట్టి కొంతమందిని కొంతమందిని ఇడువాలె."

జవాబు సరైనదే. కానీ ఆయన పక్కవాడి వైపు తిరిగి, "ఈవిడ మనకి దర్శనం చేయించేట్టుందే!" అని పగలబడి నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ ఒక్క మాట అన్నాను.

"మా కాడ గిట్లనే మాట్లాడ్తం సార్. లెక్క తప్పుంటే చెప్పుండ్రి."

వారం తిరగకుండా ఆఫర్ వచ్చింది, సీనియర్ అన్న మాట మాత్రం అందులో లేదు. ఎందుకని అడగడానికి ఫోను చేస్తే నడుమ కూర్చున్న ఆ పెద్దమనిషే ఎత్తాడు. "పని వచ్చమ్మా నీకు, కాదనను. నలుగురిలో కూర్చోబెట్టలేం. ముందు ఆ యాస మార్చుకో, తర్వాత చూద్దాం."

ఆ ఉద్యోగం వద్దనుకుంటున్నానని చెప్తే ఇంట్లో అంతకంటే పెద్ద రచ్చ. ఇది పొగరు తప్ప మరేమీ కాదని మా ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు. మెట్‌పల్లిలో ఉన్న అక్కకు చెప్పుకుంటే ఆమె కూడా కస్సుమంది. "మీ బావ దుబాయిల ఎండల మాడుకుంట మాటలు పడ్తలేడా? ఏసీల కూసొని నువ్వు పడలేవా?"

అయినా రానని రాసి పంపాను. అనుకున్నట్టే పాత కంపెనీ మూతపడింది. ఆ ఎండాకాలమంతా, ఉప్పు తక్కువైందని కూడా చెప్పకుండా తినిపోయే మనిషికి వండిపెడుతూ ఖాళీగా ఉన్నాను. వానలు మొదలయ్యాక వేరేచోట, నేను కోరిన హోదాతోనే ఉద్యోగం దొరికింది. అక్క మాత్రం చాలాకాలం ఫోను చేయలేదు.

ఇప్పటి మా కరీంనగర్ పిల్లలు ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాప్ ముందు మన మాటలోనే ధీమాగా ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. ఎవడైనా నవ్వితే కాల్ కట్ చేసేంత ధైర్యం ఉంది వాళ్ళకు. సంతోషమే, కొంచెం అసూయ కూడా. మరి నేను? ఆ పెద్దమనిషి తర్వాత ఇంకెవరూ మార్చుకోమనకుండానే, మీటింగుల్లో ఏళ్ళ తరబడి నానిన నా నాలుక ఎప్పుడు నునుపుదేలిందో నాకే తెలియదు. పోయిన నెల మెట్‌పల్లి వెళ్తే, "మీ చిన్నత్త టీవీల వార్తలు చదివినట్టే మాట్లాడ్తది" అని అక్క తన కోడలితో అంటే అందరూ నవ్వారు. వాళ్ళ మాటలోనే గట్టిగా ఏదో ఒకటి అందామనుకున్నాను. ఆ యాస నోటికి రాలేదు.