వాద్యారు కలపనివ్వని నాలుగు

మా అమ్మాయి గెలిచింది! దొంగలెక్క ఒక్కటీ లేకుండా, న్యాయంగా, మా వాద్యారు కళ్ళముందే గెలిచింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన అది చూశారు, బుధవారం పొద్దున పోయారు. విరుదునగర్ నుంచి వాద్యారమ్మ ఫోను చేసి, "అన్నా, ఆయన పోయినారు" అని, "నిన్న కూడా పాప గెలిచిందే అని చెప్పి చెప్పి నవ్వినారు" అంది. దుఃఖమూ సంతోషమూ ఒకే గుమ్మంలోంచి వస్తే మనిషి ఎటు తిరగాలి? అందుకే రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది అయిదో తరగతి, అదీ అరవంలో. ఈ తెలుగు అక్షరాలు ఆయన దిద్దించినవే. తప్పులు మాత్రం నావి.

మా వైపు బడిపంతుల్ని వాద్యారు అంటాం, ఆయన భార్యని వాద్యారమ్మ. మా అమ్మాయికి ఆయన లెక్కలు చెప్పారు. నేను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పని చేసేవాణ్ణి, అమ్మాయి విరుదునగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి చదువుకునేది. ఒక ఆదివారం చూద్దామని వెళితే, పిల్ల వాద్యారి ఇంట్లో ఉందన్నారు. ఆదివారం కూడా పాఠమా పాపం అనుకుంటూ వెళ్ళాను. అక్కడ పాఠం లేదు. మా అమ్మాయి లేచి నిలబడి, "నేను ఆ పాముకి దండం పెట్టను!" అని అరుస్తోంది. గదిలో పాము లేదు.

అది బెంగుళూరులో ఉండే ఆయన మేనల్లుడు తెచ్చిచ్చిన ఆట. గళ్ళు ఉండవు, కాయలు ఉండవు. ఒక్కొక్కరూ ఒక వేషం ఎంచుకుంటారు, అదీ మాటల్లోనే. వాద్యారు కథ చెబుతారు. మనం ఏం చేస్తామో మనం చెబుతాం. అది ఫలిస్తుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా అమ్మాయి పూజారిణి. వాద్యారమ్మ దొంగ. "ఇన్నేండ్లు ఈయన జోబు వెతికినదాన్ని, నాకు వేరే ఏ పని వచ్చును?" అనేది. నన్ను కూడా కూర్చోబెట్టి, "తంబీ, నీకు గొడ్డలి" అన్నారు. అంత పెద్దమనిషి నన్ను తన బల్ల దగ్గర కూర్చోబెట్టారు! ఆనాటి నుంచి ఆదివారం బస్సు తప్పింది లేదు. సంచిలో ఆయనకి కడలైమిట్టాయి. ఆ వేరుసెనగ పాకపు చెక్కని ఆయన పాచికల డబ్బాతో కొట్టి ముక్కలు చేసి, పెద్ద ముక్క ఎప్పుడూ ఓడినవాళ్ళకి ఇచ్చేవారు.

ఆయన బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాచిక వేసేముందు బలం ఎంతో, అంటే పడిన అంకెకి మనవైపు నుంచి కలిసేది ఎంతో, పైకి లెక్కపెట్టి చెప్పాలి. "కణక్కు ముందు, పాచిక తరవాత" అనేవారు. పడిన తరువాత ఏదో మరిచిపోయానని లెక్క పెంచుకుంటానంటే ఒప్పుకునేవారు కాదు.

పూజారిణిగా అయిదు మెట్లు ఎక్కాక మా అమ్మాయి మంత్రవిద్య కూడా నేర్చుకుంటానంది. వాద్యారమ్మ వద్దంది, రెండూ సగంసగం అవుతాయంది. వాద్యారు కళ్ళజోడు పంచె కొంగుతో తుడుచుకుని, "నేర్చుకో తాయీ. అయితే ఒకటి. పూజలో అయిదు, మంత్రంలో నాలుగు అంటే మంత్రం వేసేటప్పుడు తొమ్మిది కాదు, నాలుగే. చేతిలో సాత్తూరు టిక్కెట్టూ ఎట్టయాపురం టిక్కెట్టూ రెండూ ఉండినా, ఎక్కేది ఒక బస్సే కదా" అన్నారు.

మా అమ్మాయి ఊరుకునే రకమా? మంత్రంలో నాలుగు మెట్లూ ఎక్కి, సాధన అనే వరం సంపాదించింది. దాంతో మంత్రానికి ఇంకో నాలుగు వచ్చాయి. ఎనిమిది. నారింజరంగు రాయి ఒకటి దొరికింది, అది ఏ విద్యకైనా ఒకటి కలుపుతుంది. తొమ్మిది. మెడలో జపం పూసలు ఉన్నాయి, అవి నాలుగు ఇస్తాయి. కానీ పూజకి మాత్రమే.

ఏళ్ళు గడిచాయి. అమ్మాయి తనే ఇప్పుడు కోవిల్‌పట్టిలో లెక్కల టీచరు! వాద్యారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు చెయ్యగలిగిందేమీ లేదన్నాక ఆయన కబురు పెట్టారు: "కథ ముగిద్దాం రండి. తరవాత నేను కూచోలేను."

ఆ ఆదివారం బల్లని మంచం పక్కకి జరిపాం. ఆయన కథలో వాన మింగిన భూతం ఒకటి కరిసల్ భూముల మీద, అంటే మా నల్లరేగడి మీద, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా గొడ్డలివాడు పడిపోయాడు. వాద్యారమ్మ దొంగ గోడ కింద చిక్కుకుంది. మిగిలింది మా అమ్మాయి. ఒక్క మంత్రం ఉంది, ఒక్క దెబ్బకి సరిపడా ప్రాణం ఉంది. భూతం కవచం దాటాలంటే పాచికా బలమూ కలిసి ఇరవై అయిదు రావాలి. రాకపోతే తరువాతి వంతు భూతానిది. ఊరూ పోతుంది, పిల్లా పోతుంది, ఇన్నేళ్ళ కథ అక్కడే ఆగిపోతుంది. మరో ఆదివారం లేదని అందరికీ తెలుసు.

అమ్మాయి పాచిక పట్టుకుని, "బలం పదమూడు" అంది.

వాద్యారు కళ్ళు మూసుకునే ఉన్నారు. "మళ్ళీ చెప్పు."

"సాధనతో ఎనిమిది, రాయి ఒకటి, పూసలు..." అని ఆగిపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. "వాద్యారూ, మనిషి ఒకటే, మెడ ఒకటే! పూజ చేసేప్పుడు ఉండే పూసలు మంత్రం వేసేప్పుడు ఎక్కడికి పోతాయి? ఈ ఒక్కసారి కలిపెయ్యండి."

"మెడ ఒకటే తంబీ. మంత్రం వేరే."

వాద్యారమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామా, ఈ వేళలో కూడా మార్కు కొయ్యల్నా? పిల్ల మొగం చూడండి!"

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. దగ్గు వచ్చింది, నేను వీపు రాశాను. ఆ దగ్గులో ఆయన తల ఊపితే చాలు, ఒప్పుకున్నారని పట్టుకుందామని కాచుకున్నాను. ఊపలేదు. పూసలు కలిస్తే పన్నెండు పడితే చాలు. కలవకపోతే పదహారైనా పడాలి. పదహారు ఎంత అరుదో అగ్గిపుల్లలు లెక్కపెట్టిన నాకు తెలుసు.

అమ్మాయే అంది: "వద్దు నైనా. తొమ్మిదే." కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "బలం తొమ్మిది, వాద్యారూ."

"వెయ్యి తాయీ."

పాచిక బల్లంతా దొర్లింది, అంచుదాకా పోయింది, కంచుగ్లాసుకి తగిలి నిలిచింది. నేను చూడలేక గోడవైపు తిరిగాను. వాద్యారమ్మ కేక వినిపించింది. పదిహేడు! పదిహేడూ తొమ్మిదీ ఇరవై ఆరు! నేను ఎగిరాను, ఈ వయసులో, మోకాళ్ళు మరిచిపోయి. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"కలిపుంటే అది నేనిచ్చిన గెలుపు అయ్యుండును" అన్నారు, ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ. "ఇప్పుడు నీది. ఇంక వాన కురవనీ." ఆ తరువాత వాన ఎలా కురిసిందో, ఏ పొలంలో మొదటి చినుకు పడిందో ఆయనే చెప్పారు. చివరికి గొంతు వినిపించలేదు, పెదవులు మాత్రం కదిలాయి. మేం వంగి విన్నాం.

వాద్యారమ్మ అడిగింది, చావు కబురు చెప్పేచోటల్లా ఈ గెలుపు సంగతీ చెప్పమని. చెప్పాలి. మా చెల్లెలికి, ఆమె మొగుడికి. బెంగుళూరు మేనల్లుడికి. సాత్తూరులో వాద్యారి తమ్ముడికి, ఆ ఇంటి కోడలికి. ఎట్టయాపురంలో పిన్నమ్మకి, ఆమె ఇద్దరు కొడుకులకి. మా వియ్యంకుడికి, ఈ ఆట ఏమిటో మొదటినుంచి చెప్పాలి. ఇక విళాత్తికుళంలో ఆయన అక్కకి. ఆమెకి చెవులు వినపడవు. ఈ రోజుల్లో కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి కావలి ఉంటుంది. నేను బస్సు దిగి నడిచి వెళితే తల ఎత్తి, ఎర్రటి కాయల మధ్యనుంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తుంది. ఆమెకి రెండూ గట్టిగా అరిచి చెప్పాలి.