కాకకు చెప్పిన నిజం

నేను అయిదో తరగతి చదివేనాటికి మేము గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. గోడ అవతలి ఇల్లు మా బాపు దోస్తుది. ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చి ఒకే బావిలో పనికి కుదిరారు. ఆయన్ని నేను కాక అనేదాన్ని, ఆయన భార్యను చిన్నమ్మ అనేదాన్ని.

ఆ ఏడు కాకకు కడుపులో గడ్డ లేచింది. పెద్ద దవాఖానలో కోసి చూసి, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఆ మాట కాకకు ఎవరూ చెప్పలేదు. చూడవచ్చినవాళ్లంతా "ఏం గాదు, నెల తిరిగేసరికి డ్యూటీ ఎక్కుతవ్" అనేవారు. కాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. చిన్నమ్మతో కూడా మాటలు తగ్గించేశాడు.

బాపు అడిగి మరీ మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు వేయించుకున్నాడు. పొద్దున్నే వెళ్లి కాకకు ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, పక్కబట్టలు మార్చేవాడు. గంజి తాగించడం నా పని.

ఒకరోజు రెండు చెంచాలు తాగి కాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, నువ్వన్నా నిజం చెప్పు. నేను బతుకుతనా?"

గిన్నె అక్కడే పెట్టేసి ఇంటికి పరుగెత్తాను. కాక అడిగిన మాట చెబితే బాపు కోప్పడలేదు. "రోజూ పోతున్న గానీ, ఆ మాటకాడ నాకు గూడ నోరు రాలే. తప్పు నాదే. పా, ఇద్దరం పోదాం" అన్నాడు.

బాపు మంచం పక్కన కూర్చుని కాక చెయ్యి పట్టుకున్నాడు. "ఇగ మందు లేదన్నరురా. నాకు భయమైతుంది" అని ఏడ్చేశాడు. బాపు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

కాక గట్టిగా ఊపిరి వదిలాడు. "నాకెరుకేరా. మీకెట్ల చెప్పాల్నా అని పరేషానైతున్న."

ఆ రోజు నుంచి కాక గోడవైపు తిరగలేదు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని తమ్ముణ్ణి చూడాలన్నాడు. బాపు డ్యూటీ మానుకుని పెద్దపల్లి బస్సెక్కాడు, మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. అన్నదమ్ములు లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, కాసేపటికి నవ్వులు వినిపించాయి. వాకిట్లో ఉన్న చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, చిన్నమ్మ చేతిలో చెయ్యి ఉండగానే కాక నిమ్మళంగా వెళ్లిపోయాడు. అందరం ఏడ్చాం. కానీ చెప్పకుండా దాచుకున్న మాట ఎవరి దగ్గరా మిగల్లేదు. అందుకే ఆ ఏడుపులో బరువు లేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. జబ్బుపడ్డవాళ్లను చూడబోతే "ఏం కాదు" అనే మాట నా నోటికి రాదు. మంచం దగ్గరికి జరిగి కూర్చుంటాను. అడిగితే తెలిసింది చెబుతాను, తెలియకపోతే తెలియదంటాను. ఇక వెళ్లమని వాళ్లే అనేదాకా అక్కడే ఉంటాను.