సముద్రం వైపు వెళ్ళొద్దనలేదు

ఆఫ్రికా వెళ్తున్నామని తెలిసినప్పుడు గాజువాకలో మా వీధి వీధంతా నన్నే తప్పు పట్టింది. గుండెకి స్టెంట్ వేయించుకుని ఏడాదైనా తిరగని మొగుణ్ణి అడవి జంతువుల మధ్యకి తీసుకెళ్తావా అని. ఎదురింటావిడైతే ముక్కున వేలేసుకుంది. "సింహాలు సూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా, సింహాచలం ఎల్లి దణ్ణం ఎట్టుకుని వచ్చెయ్యొచ్చు కదా" అంది. నవ్వి ఊరుకున్నాను గానీ, లోపల నాకూ పీచుపీచుమంటూనే ఉంది.

రమ్మని పట్టుబట్టింది మా తమ్ముడు. వాడు తూర్పు ఆఫ్రికాలో ఒక రేవులో క్రేన్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. "బావని నాలుగు గోడల మధ్య కూకోబెట్టి నువ్వే రోగిష్టిని సేసేత్తన్నావక్కా. తీసుకుని రా. ఇక్కడ సముద్రం పక్కనే అడవుంది, సూపిత్తాను" అని ఫోన్లో దెబ్బలాడాడు. డాక్టర్ని అడిగితే నిక్షేపంగా వెళ్ళొచ్చన్నాడు. ఆయన గుండెకి ఇప్పుడేం ఇబ్బంది లేదని డాక్టరు అంతకు ముందూ చాలాసార్లు చెప్పాడు. మేమే నమ్మలేదు.

మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో మెకానికల్ మనిషి. ఎంత బరువు యంత్రమైనా విప్పి, ఎత్తి, మళ్ళీ బిగించే పని. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ని లైట్ డ్యూటీలో వేశారు. లైట్ డ్యూటీ అంటే ఒక బల్ల, ఒక కుర్చీ. షిఫ్టులో ఎవరైనా ఏదైనా ఎత్తుతుంటే ఈయన అలవాటుగా లేచేవారట, వాళ్ళు వెంటనే "నువ్వు కూకో బావా" అనేవారట. ఇంటికి మంచినీళ్ళ టిన్ను వస్తే నేనూ అదే మాట. కూరగాయల సంచీ దగ్గరా అదే మాట. అందరూ ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట వినీ వినీ మనిషి నడకే మారిపోయింది. కుడిచెయ్యి ఎప్పుడూ ఛాతీ మీదే ఉండేది, చొక్కా జేబులో కోడిగుడ్డు పెట్టుకుని నడుస్తున్నట్టు. మనిషి దక్కాడన్న సంతోషం నాకుంది. నేను పెళ్ళి చేసుకున్న ఆ మనిషి తిరిగొస్తాడా అన్న దిగులు మాత్రం పోలేదు.

సరే, వెళ్ళాం. తమ్ముడు చెప్పింది నిజమే. సముద్రం, ఇసక, ఇసక దాటగానే నాలుగు పొదలు, ఆ వెంటనే అడవి. ఒక జిరాఫీ చెట్టు మీంచి తల వంచి మమ్మల్ని చూసింది, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళని మేడ మీదావిడ చూసినట్టు. నది సముద్రంలో కలిసే చోట నీటిగుర్రాలు చెవులు మాత్రం పైకి పెట్టి మునిగి ఉన్నాయి. "గేదెల్లాగే ఉన్నాయిరా" అన్నారు మా ఆయన. "ఆ గేదె మన జీపుని తిరగేసేత్తాది బావా" అన్నాడు తమ్ముడు. పక్కన ఉప్పుమడుల్లో ఫ్లెమింగోలు గులాబీరంగు పూసినట్టు బారులు తీరి నిలబడ్డాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, భీమిలి ఉప్పుమడుల దగ్గర పెరిగిన ఈయన పక్షుల్ని వదిలేసి ఉప్పు ఎలా పోగేశారో చూస్తున్నారు. చెయ్యి మాత్రం ఛాతీ మీదే ఉంది.

మా బస సముద్రం ఒడ్డునే, గుడారాల్లో. చుట్టూ కంచె లేదు. సాయంత్రం కాపలా మనిషి వచ్చి మాకో ఈల ఇచ్చి, వాళ్ళ భాషలో గట్టిగా ఏదో చెప్పాడు. తమ్ముడు తెలుగులో చెప్పాడు: బయటికి రావాలంటే ఈల వెయ్యాలి, అతను తుపాకీతో వచ్చి తీసుకెళ్తాడు, జంతువులు తిరుగుతుంటాయి కాబట్టి ఒంటరిగా అడవిలోకి వెళ్ళకూడదు. మా ఆయన బుద్ధిగా తలూపారు. ప్లాంటులో రోజూ షిఫ్టుకి ముందు నిలబెట్టి జాగ్రత్తలు చెప్తారు, దానికి తలూపి తలూపి ఆ మెడ అరిగిపోయిందని నాకు అప్పుడు గుర్తు రాలేదు.

పొద్దున్న తెల్లగా వెలుగొచ్చాక మెలకువ వచ్చింది. పక్కన మంచం ఖాళీగా ఉంది. బాత్రూంలో లేరు. ఫోన్ ఛార్జింగులో ఉంది, మాత్రల డబ్బా బల్ల మీద ఉంది, ఈల దాని పక్కనే ఉంది. చెప్పులు లేవు.

నా అరుపుకి తమ్ముడూ, కాపలా మనిషీ పరిగెత్తుకొచ్చారు. గుడారం మెట్ల దగ్గర్నుంచి తడి ఇసకలోకి హవాయి చెప్పుల గుర్తులు తిన్నగా వెళ్ళాయి. నీళ్ళ అంచుకి వెళ్ళి అక్కణ్ణుంచి ఎడమవైపు తిరిగాయి. వాటి వెంట మేమూ నడిచాం. కాస్త దూరం వెళ్ళాక పొదల్లోంచి ఇంకో అడుగుల వరస వచ్చి కలిసింది. పూరీ అంత వెడల్పు అడుగులు, ముందు నాలుగు వేళ్ళు. ఒకచోట ఆ అడుగు మా ఆయన చెప్పు గుర్తు మీద పడి దాన్ని సగం చెరిపేసింది. అంటే, వెనక వచ్చింది.

కాపలా మనిషి వంగి ఆ అడుగుని చూశాడు. భుజాన ఉన్న తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. దానికి తెలుగు అక్కర్లేకపోయింది.

తమ్ముడు వెనక్కి పరిగెత్తి బస దగ్గర్నుంచి జీపు తెచ్చాడు. నన్నూ, కాపలా మనిషినీ ఎక్కించుకున్నాడు. ఒడ్డు వెంబడి జీపు వెళ్తుంటే కిందకి చూస్తూ ఆ రెండు వరసలూ విడిపోవాలని ఒకటే కోరుకున్నాను. సింహాద్రి అప్పన్నని పిలిచాను. పిలవడం కాదు, కయ్యం పెట్టుకున్నాను. "నువ్వూ సింహానివే కదా సామీ, ఆ ఇంకోదానికి నువ్వే సెప్పుకో. నీ కొండకి ఈయన సేత మెట్లెక్కించలేదని కోపమైతే నా మీద సూపించుకో" అన్నాను పైకే. జీపు నడుపుతున్న తమ్ముడు నా వైపు చూడకుండా ఏడుస్తున్నాడు.

ఉన్నట్టుండి కాపలా మనిషి చెయ్యెత్తి ఆపమన్నాడు. దిగి చూశాడు. పెద్ద అడుగులు కుడిచేతి వైపు నీళ్ళ దాకా వెళ్ళి, వెనక్కి మళ్ళి, మళ్ళీ పొదల్లోకి వెళ్ళిపోయాయి. చెప్పుల గుర్తులు మాత్రం నింపాదిగా, ఒకే దూరంలో, ముందుకే వెళ్ళాయి. "మళ్ళిపోయిందక్కా! అది లోనికి ఎల్లిపోయింది!" అని తమ్ముడు నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నాకు ఊపిరి ఆడింది. కానీ మనిషి ఇంకా కనబడలేదు.

ఒడ్డు వంపు తిరిగాక బెస్తవాళ్ళ గుడిసెలు వచ్చాయి. నీళ్ళ అంచున ఒక పెద్ద పడవ, దాని చుట్టూ మనుషులు. చేపల వేటనుంచి అప్పుడే వచ్చినట్టుంది, పైకి లాగుతున్నారు. ఆ మనుషుల్లో ఒకరు చారల లుంగీ పైకి మడిచి, బనీను తడిసిపోయి, భుజం పడవకి ఆనించి "ఐలెస్సా!" అని అరుస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ "ఐలెస్సా!" అని అందుకుంటున్నారు.

సింహం భయం పోయింది, గుండె భయం వచ్చింది. "వదిలెయ్యండి! వదిలెయ్యండి!" అని అరుస్తూ ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి పడవ పొడి ఇసకలోకి ఎక్కేసింది. ఆయన ఇటు తిరిగారు. ఆయాసపడుతున్నారు, చెమటలు కారుతున్నాయి. రెండు చేతులూ నడుం మీద ఉన్నాయి.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "బుర్ర పని సేత్తందా మీకు? ఆడు ఈలిచ్చి మరీ సెప్పాడు కదా! సదువుకున్నోరేనా మీరు? నన్ను ఈ దేశంలో ఏటి సెయ్యాలనుకున్నారు? ఇంటికెల్లి ఎవురికి ఏటని సెప్పుకోవాలి నాను?" ఇంకా చాలా అన్నాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళకి భాష తెలియకపోయినా విషయం తెలిసిపోయినట్టుంది, నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

"అడవి ఏపు ఎల్లొద్దన్నాడు గానీ, సముద్రం ఏపు ఎల్లొద్దన్నేదు కదే" అన్నారు ఆయన. అమాయకంగానే అన్నారు. భీమిలి దగ్గర ఆయన ఊళ్ళో భయాలన్నీ చెట్ల వైపు ఉండేవి. ఒడ్డు అందరి వాకిలి. పడవ ఇసక తాకితే అక్కడ నిలబడ్డవాడు ఉద్యోగస్తుడైనా, షికారుకొచ్చినవాడైనా ఒక చెయ్యి వేసి తీరాలి. చెయ్యి వేసినవాడికి దోసెడు చేపలిస్తారు. వీళ్ళూ అప్పటికే ఆయన కాళ్ళ దగ్గర ఆకులో చేపలు పెట్టారు.

సింహం ఆయన వెనకే వచ్చిందని తమ్ముడు చెప్పాడు. ఆయన తను నడిచొచ్చిన ఒడ్డు వైపు తిరిగి చూశారు. తర్వాత, "అదొక్కటీ నన్ను కూకోమన్నేదురా" అన్నారు. తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆయన మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగారు.

"ఇక్కడ ఎవుడికీ తెల్దే, నాకు గుండె జబ్బని. సెయ్యూపి రమ్మన్నారు. ఎల్లి లాగాను. లాగతా లాగతా ఇప్పుడు పోతాను, ఇప్పుడు పోతాను అనుకున్నాను. ఏటీ అవనేదు."

చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు జాలేసింది గానీ కోపం మాత్రం తగ్గలేదు. "అయితే? సెప్పి ఎల్లకూడదా? నిద్దర్లేపకూడదా?" అని మళ్ళీ మొదలెట్టాను. తమ్ముడు నన్ను ఆపబోయాడు. ఆసుపత్రిలో డాక్టరు ఈయన్ని కంగారు పెట్టకూడదన్న రోజు నుంచి నేను ఆయన్ని గట్టిగా ఒక్క మాట అనలేదు. నన్ను ఎరిగినవాళ్ళకి ఆ పథ్యం ఎంత కష్టమో తెలుస్తుంది.

"ఆపకురా దాన్ని" అన్నారు మా ఆయన. "తిట్టే, ఇంకా తిట్టు. ఆసుపత్రి కాణ్ణుంచీ నువ్వు నన్నొక్క మాట అన్నేదు. డాక్టరు నీకు సాటుగా ఏటో సెప్పీశాడనుకున్నాను. ఇంక ఎన్నాళ్ళో ఉండననే, ఇది నోరు మూసుకుందనుకున్నాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపుతోనే, అంతమంది ముందూ, ఆయన బనీను పట్టుకుని జీపు దాకా ఆపకుండా తిట్టాను.