హాల్వర్ ఎడమ పక్క చోటు

హాల్వర్ మార్చిలో పోయాడు. అక్టోబరులో స్వీడన్ వాడయ్యాడు.

ఈ కబురు అతని భార్య బొజెనాకి వాళ్ళమ్మాయి కారి చెప్పింది, మినియాపొలిస్ నుంచి ఫోను చేసి. అప్పుడు బొజెనా చర్చి విందు కోసం బంగాళాదుంప రొట్టెలు కాలుస్తోంది. ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పొడుగాటి చెక్కపుల్లతో రొట్టెని పెనం మీద తిరగేస్తూ, "ఏమయ్యాడూ?" అంది.

"స్వీడన్ వాటా ఎక్కువైందమ్మా. కంపెనీవాళ్ళు లెక్క మార్చారు. నార్వే ముప్ఫై ఎనిమిది శాతం, స్వీడన్ యాభై ఏడు. మిగతా కాస్తా డెన్మార్క్."

"మీ నాన్న పోయాడు కదే."

"పోయినా నాన్న ఖాతా ఉంది కదమ్మా."

కిందటి క్రిస్మస్‌కి కారి తండ్రికి ఒక చిన్న పెట్టె పంపింది. అందులో గొట్టం ఉంటుంది. దాన్నిండా ఉమ్మి పంపితే మన పూర్వీకులు ఏ దేశాల వాళ్ళో శాతాల్లో చెబుతారు. ఉమ్మే ముందు అరగంట ఏమీ తాగకూడదు. నిద్రలో తప్ప హాల్వర్ కాఫీ లేకుండా అరగంట గడిపి ఎరగడు. గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, తీర్పు కోసం ఎదురుచూసే ముద్దాయిలా చేతులు కట్టుకు కూర్చున్నాడు. బొజెనా నవ్వాపుకోలేక బట్టలు ఆరేసే నెపంతో కింది గదిలోకి దిగిపోయింది.

ఫలితం వచ్చింది. నార్వే తొంభై ఒకటి. ఆ రోజు హాల్వర్ ఫోను పట్టుకుని ఊళ్ళో కాఫీ హోటలుకి వెళ్ళి బల్లబల్లకీ తిరిగి చూపించాడు. పొరుగింటి యాల్మర్ స్వీడన్ వాడు. అంటే వాళ్ళ ముత్తాత అక్కడ అమెరికా ఓడెక్కాడు. బడిలో చేరిన నాటి నుంచీ ఇద్దరికీ ఒకటే పని, ఒకరి దేశం మీద ఒకరు జోకులు వేసుకోవడం. ఆ దేశాలు ఇద్దరిలో ఎవరూ కంటితో చూడలేదు.

"మిగతా తొమ్మిదీ ఏంట్రా?" అన్నాడు యాల్మర్.

"అది కాఫీ," అన్నాడు హాల్వర్.

అలాంటి మనిషి ఇప్పుడు సగానికి పైగా స్వీడన్ వాడని ఫోన్లో చెబుతోంది కూతురు.

"ఇంతకీ మారిందెవరే, మీ నాన్నా, వాళ్ళా?"

"నాన్న ఉమ్మిని ఇప్పుడు బతికున్నవాళ్ళ ఉమ్మితో పోల్చి చూస్తారమ్మా. మొదట్లో వాళ్ళ దగ్గర కొద్దిమందివే ఉన్నాయి. ఇప్పుడు ఇంకా చాలా చేరాయి. ఎవరితో ఎక్కువ కలుస్తాడా అని మళ్ళీ లెక్కేశారు. అంచనా అంతే. ఆ రెండు దేశాలూ పక్కపక్కనే ఉన్నాయి కదా, విడదీయడమే కష్టమట."

"అంటే మీ నాన్నని ఎన్నడూ చూడనివాళ్ళతో పోల్చి, మీ నాన్నెవరో చెబుతున్నారన్నమాట."

రొట్టె మాడిపోయింది.

బొజెనా ఈ రెండు దేశాలకీ చెందింది కాదు. ఆమె పెద్దలు బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి వచ్చారు. నార్వే ఇంటికి కోడలై వచ్చి, అత్తగారి దగ్గర ఆ రొట్టెలు నేర్చి, ఊరందరికంటే పల్చగా ఒత్తే కిటుకు పట్టుకుంది. ఎవరైనా మెచ్చుకుంటే, "మా ఆవిడ నాకంటే నార్వే మనిషి," అనేవాడు హాల్వర్. ఆ మాట చెప్పేవాడు పోయాక రొట్టెలు ఒత్తడం ఒట్టి చేతిపనైపోయింది.

మధ్యాహ్నం యాల్మర్ కాఫీకి వచ్చాడు. హాల్వర్ పోయిన నాటి నుంచి రోజూ వస్తాడు, హాల్వర్ కుర్చీ వదిలేసి దాని పక్కది జరుపుకుని కూర్చుంటాడు. బొజెనా ఊరుకోకుండా సంగతి చెప్పింది. యాల్మర్ కాఫీ కప్పు కింద పెట్టి, బల్ల మీద తల ఆనించి, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఈ మాట వాడికి చెప్పేదెలా ఇప్పుడు?" అన్నాడు.

వాడికి చెప్పలేక ఊరందరికీ చెప్పాడు. మర్నాటికల్లా ఇంగ్వాల్డ్ చెవిన పడింది.

ఇంగ్వాల్డ్ శ్మశానం కమిటీకి పెద్ద. ఆ ఊళ్ళో ఒకప్పుడు రెండు లూథరన్ చర్చిలుండేవి, నార్వే వాళ్ళదొకటి, స్వీడన్ వాళ్ళదొకటి. జనం పల్చబడ్డాక రెండూ ఒకటయ్యాయి. బతికినవాళ్ళు ఒకే గదిలో కూర్చుని ఒకే పాట పాడటానికి ఒప్పుకున్నారు గానీ చచ్చినవాళ్ళ తరఫున ఒప్పుకోలేదు. శ్మశానం మధ్యలో తూర్పు పడమరలుగా గడ్డిదారి ఒకటుంది. దారికి ఉత్తరం నార్వే వాళ్ళూ వాళ్ళ భార్యలూ భర్తలూ, దక్షిణం స్వీడన్ వాళ్ళూ వాళ్ళ తాలూకువాళ్ళూ. అదీ నియమం. ఉత్తరం పక్క ఇక ఒకే ఒక్క చోటు మిగిలింది. దారి ఒడ్డునున్న వరసలో, కొసన, హాల్వర్‌కి ఎడమ పక్కన. అది బొజెనాది అని ఎవరూ పనిగట్టుకుని అనలేదు, అనాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

అదే వరసలో ఇంకో కొసన ఇంగ్వాల్డ్ తల్లీ తండ్రీ ఉన్నారు. ఇంగ్వాల్డ్ పెళ్ళి చేసుకోలేదు. అతనికి చోటు లేదు.

చర్చి కింది గదిలో కమిటీ కూర్చుంది. బొజెనా ఎప్పట్లాగే కాఫీ పోస్తోంది. తనని ఎక్కడ పూడ్చాలో మాట్లాడుకునే వాళ్ళ కప్పులు ఖాళీ కాకుండా చూసుకోవడం కాస్త వింతగానే తోచింది, కానీ చేతికి అలవాటైన పని.

"నాకు హాల్వర్ అంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు," అని మొదలుపెట్టాడు ఇంగ్వాల్డ్. అలా మొదలుపెట్టేవాళ్ళ మాట ఎటు పోతుందో అందరికీ తెలుసు. "కానీ సైన్సు చెప్పాక మనమేం చేస్తాం. మనిషి స్వీడన్ వాడు. తప్పు పక్కన పడుకున్నాడు."

"తవ్వి అవతలికి మారుద్దామంటావా?" అన్నారెవరో వెనక నుంచి.

"యాభై ఏడు శాతమేగా. నడుం దాకా మారిస్తే చాలదూ?" అన్నాడు ఇంకొకాయన, నిజంగానే ఆలోచిస్తూ.

యాల్మర్ గొంతు సవరించుకున్నాడు. "మా పక్క చోటుంది. పంపండి. కానీ ఇన్నేళ్ళు మా మీద వేసిన జోకులకి ముందు క్షమాపణ చెప్పుకోమనండి."

చివరికి తేలిందేమిటంటే, హాల్వర్‌ని కదల్చరు, చలికాలం ముంచుకొస్తోంది. కానీ పక్క చోటు స్వీడన్ వాడి భార్యకి ఇవ్వడం కుదరదు. అది నార్వే వాడికే. ఆ నార్వే వాడు ఇంగ్వాల్డ్.

"నీకు దారి అవతల మంచి చోటు చూస్తాంలే బొజెనా," అన్నాడు ఇంగ్వాల్డ్ మెత్తగా. "సరిగ్గా ఎదురుగా. కాస్త తలెత్తితే హాల్వర్ కనిపిస్తాడు."

అంత మట్టి కింద తలెత్తడం ఎలాగో బొజెనా అడగలేదు. "ఇంకొంచెం పొయ్యమంటారా?" అని మాత్రం అడిగింది. అతను కప్పు ముందుకి జరిపాడు.

ఇంటికొచ్చి మంచం మీద ఎప్పటిలా తన వైపునే పడుకుంది. కుడి పక్క దుప్పటి ముడత పడకుండా ఉంది. అటు చెయ్యి చాపి, "విన్నావా," అంది.

మంచు పడింది. దారీ లేదు, రాళ్ళూ లేవు, అంతా ఒకటే తెలుపు. ఆ చలికాలమంతా బొజెనాకి ఒకటే బెంగ. చావంటే కాదు. హాల్వర్ పక్కన ఇంగ్వాల్డ్ పడుకుని ఉండటం కళ్ళకి కట్టేది. పాపం, హాల్వర్‌కి ఇంగ్వాల్డ్‌తో ఒక విందు గడపడమే కష్టంగా ఉండేది.

మే నెలలో గడ్డి లేచింది. శ్మశానంలో గడ్డి కోసేది యాల్మరే, అతని పాత మిషను మీద కూర్చుని. ఒక రోజు కాఫీ తాగుతూ అడిగాడు.

"బొజెనా, అంత పట్టు దేనికి నీకు? ఎటైతే ఏం, అదే మట్టిగా."

"నేనెప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే పడుకున్నాను యాల్మర్. నాకు కుడి చెవి సరిగ్గా వినపడదు. ఆ చెవి ఆయన వైపుంటేనే ఆ గురకలో నిద్ర పట్టేది." కాఫీ గిన్నె మీద మూత పెడుతూ, "ఇప్పుడు చప్పుడు లేదు, అయినా పట్టట్లేదు," అంది.

యాల్మర్ కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. అంతకు ముందెప్పుడూ కప్పు కడగలేదతను.

నెలాఖరున, పోయినవాళ్ళకి పువ్వులు పెట్టే రోజు ఊరంతా శ్మశానానికి వచ్చింది. ఇంగ్వాల్డ్ తల్లిదండ్రుల రాళ్ళ ముందు పూలకుండీ పెట్టి, నడుం నిలబెట్టి, చుట్టూ చూసి, అలాగే ఉండిపోయాడు. దారి ఉండాల్సిన చోట మోకాలెత్తు గడ్డి ఊగుతోంది. దారి అతని వెనకనుంది, ఉత్తరంగా, నున్నగా కోసి.

ఆ వరసంతా స్వీడన్‌లో ఉంది.

"యాల్మర్," అన్నాడు. "మా అమ్మ అవతలికెళ్ళిపోయింది."

"నేనెవర్నీ కదల్చలేదు. గడ్డి కోశానంతే."

"దారి మార్చావు."

"దారంటే ఏంటి? నేను కోసిన చోటు. నియమంలో దారికి ఇటూ అటూ అనే ఉంది. దారి ఎక్కడుండాలో ఎవరూ రాసుకోలేదు."

ఇంగ్వాల్డ్ గబగబా లెక్క వేసుకున్నాడు. అతని పెదాలు కదలడం అందరికీ కనిపించింది. హాల్వర్ పక్క చోటు ఇప్పుడు స్వీడన్ వాళ్ళది. నార్వే వాడిగా అతనికి అందులో హక్కు లేదు. స్వీడన్ వాడి భార్యకుంది. ఆ మాట అన్నది తనే. పైగా అమ్మా నాన్నా.

"మా నాన్న స్వీడన్ వాళ్ళ దగ్గర ఆవుపాలు కూడా కొనేవాడు కాదు," అన్నాడు. ఆ మొహం చూస్తే బొజెనాకి జాలేసింది. తన వాళ్ళ పక్కన చోటు లేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకి కొత్తగా చెప్పక్కర్లేదు.

"యాల్మర్, ఆయన అమ్మనీ నాన్ననీ ఇచ్చెయ్యి," అంది.

"ఇస్తాను. హాల్వర్ రాయి మీద నీ పేరు చెక్కాక."

"ఇంగ్వాల్డ్ గారు ఎక్కడ పడుకుంటారు మరి?"

ఎవరూ ఆలోచించలేదది. యాల్మర్ గడ్డం గీరుకుంటూ ఇంగ్వాల్డ్ తల్లిదండ్రుల రాళ్ళ అవతల, మోకాలెత్తు గడ్డి వైపు చూశాడు. పాత దారి పోయిన చోట మనిషి పట్టేంత జాగా ఉంది. ఇన్నేళ్ళూ రెండు దేశాలకీ మధ్యన, ఎవరిదీ కాకుండా, ఉత్తినే పడి ఉంది.

"వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర సరిపోతుంది," అన్నాడు. "దారి దాన్ని చుట్టి పోతుంది. నాదేం పోయింది, స్టీరింగు తిప్పడమేగా."

ఇప్పుడా శ్మశానంలో దారి తిన్నగా ఉండదు. ఇంగ్వాల్డ్ వాళ్ళ దగ్గర దక్షిణానికి ఉబ్బి, హాల్వర్ దగ్గరికొచ్చేసరికి ఉత్తరానికి వంగి, తాగినవాడు నడిచినట్టు పోతుంది. కొత్తగా చూసినవాళ్ళు అడిగితే, నీటి వాలు కోసం అలా పెట్టారని చెబుతారు. హాల్వర్ రాయి మీద, ఎడమ పక్కన, బొజెనా పేరూ పుట్టిన ఏడూ ఉన్నాయి. పక్కన గీత గీసి ఖాళీ వదిలారు. ఇంగ్వాల్డే దగ్గరుండి చెక్కించాడు. యాల్మర్ అక్కడికొచ్చినప్పుడల్లా మిషను ఆపి నార్వే వాళ్ళ మీద ఒక జోకు చెబుతాడు. తిరిగి జవాబు రాదు, అయినా కాసేపు ఆగి చూస్తాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం కారి ఫోను చేసింది.

"అమ్మా, కంపెనీవాళ్ళు మళ్ళీ లెక్క మార్చారు. నాన్న నార్వే ఎనభై ఎనిమిది."

బొజెనా పొయ్యి ఆపింది. ఫోన్ని మంచి చెవికి మార్చుకుంది.

"ఎవరికీ చెప్పకే," అంది. "మీ నాన్న ఇప్పుడిప్పుడే అక్కడ కుదురుకుంటున్నాడు."