తెలుపు ఒక్కటే మిగిలిన బండి

కొత్త కారు చక్రం కింద నిమ్మకాయ చిట్లిన వాసన వచ్చినప్పుడల్లా నాకు ఎస్తేరు మేడం గుర్తొస్తారు. ఈ ఉదయం కూడా గుర్తొచ్చారు. అనంతపురంలో మా కార్ల షోరూంకు అప్పట్లో ఆమె సేల్స్ మేనేజరు. నాకు పని నేర్పింది ఆమే. తాను చర్చికి వెళ్లే మనిషైనా, కొన్నవాళ్ల తృప్తి కోసం నిమ్మకాయలు తానే వంగి చక్రాల కింద పెట్టేవారు.

ఏ మోడల్‌ను కంపెనీ ఆపేయబోతోందో ఆమెకు ముందే తెలిసిపోయేది. "మొదట రంగులు తగ్గిస్తారు పాపా. తెలుపొక్కటే వస్తాందంటే ఇంగ అయిపోయినట్టే" అనేవారు. బండి బాగాలేకనా అని అడిగాను. "బాగలేక కాదు. కొత్త పొగ రూలుకు ఇంజను మార్చల్ల. ఆ దుడ్లతో పెద్ద బండి చేస్తే లాభం ఎక్కువ. తనకల్లు గతుకుల దోవలో ఏ బండి తట్టుకుంటాదో వాళ్లకేం పట్టింది?"

చివరికి మా చిన్న డీజిల్ కారుకూ ఆ గతే పట్టింది. ఉన్న స్టాకు అమ్ముడయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని యజమాని హుకుం. అప్పుడే తనకల్లు నుంచి గంగులప్ప వచ్చాడు. వానల్లేక సేద్యం వదిలేసి, బాడుగ కారు నడుపుకుంటూ ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. మేడం ఉన్నదున్నట్టు చెప్పేశారు. "ఈ బండి ఇంగ రాదన్నా. సామాన్లు కొన్నేండ్లు దొరుకుతాయి. మల్లా అమ్మబోతే రేటు పలకదు. తెలిసి కొనుక్కో." ఆయన కాసేపు తల గోక్కుని, నేరుగా యజమాని గదిలోకి పోయాడు. "ఆపేసే బండికి ఇంత రేటేందప్పా? మీ మేడమే చెప్పినాది. తగ్గించు."

రేటు తగ్గించారు. మేడంను తీసేశారు. గంగులప్పకు చెడ్డబుద్ధి లేదు, దొరికిన మాటతో బేరమాడాడంతే. అది తెలిసీ ఆయన మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. ఆఖరి రోజున ఆయన బండికి నిమ్మకాయలు పెట్టింది కూడా మేడమే. "ఇట్లయితాదని ఆయప్పకు తెల్దులే" అని చేతులు తుడుచుకుని, సంచీ తీసుకుని బస్టాండుకు నడిచారు. ఆ షోరూంను నిలబెట్టిన మనిషి వెళ్లిపోతుంటే గాజు గదిలోంచి యజమాని తల కూడా ఎత్తలేదు.

ఇప్పుడు మేడం కుర్చీలో నేనున్నాను. మరో మోడల్ ఆగిపోతోంది, మళ్లీ అదే హుకుం. నాకూ పిల్లలున్నారు, ఈ జీతమే ఆధారం. పోయిన వారం శింగనమల నుంచి ఒకాయన వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. మేడం నేర్పినదాంట్లో సగమే నా నోట వచ్చింది. "తెలుపొక్కటే ఉండాదన్నా" అన్నాను. ఎందుకని అడిగితే చెప్పేద్దామని ఆయన మొహంలోకే చూశాను.

"తెలుపే బాగుంటాదిలేమ్మా" అన్నాడు.

ఈ ఉదయం ఆయన బండికి నిమ్మకాయలు నేనే పెట్టాను.