చేతికివ్వని నారు

మా దగ్గర మిరపకాయలు చేతికి ఇవ్వరు. కింద పెడతారు, అవతలివాళ్లు తీసుకుంటారు. చేతిలో పెడితే ఇద్దరి మధ్యా కొట్లాట వస్తుందని నమ్మకం. ఉప్పుకూ ఇదే మాట చెబుతారు కానీ, మిరప విషయంలో మా నాన్న మరీ పట్టింపు మనిషి. కాయే కాదు, గింజైనా నారైనా నేల మీద పెట్టాల్సిందే. ఇప్పుడు నా షేడ్‌నెట్ పందిరి కింద పెంచిన నారు కోసం జనగామ వైపు నుంచి కూడా రైతులు వస్తారు. వాళ్లు చేయి చాపితే నేను ట్రేను వాళ్ల కాళ్ల దగ్గర పెడతాను. వాళ్లు నవ్వుకుంటారు, నేనూ నవ్వుతాను. ఒకే ఒక్క మనిషికి, ఒకే ఒక్కసారి నారు చేతికిచ్చాను. అది చెప్పాలని ఇది మొదలుపెట్టాను.

మాది గార్ల దగ్గరి తండా. ఇంట్లో మా భాష వేరు. అమ్మను యాడి అంటాం, నాన్నను బా అంటాం. మేం ఇంట్లో అనుకున్న మాటల్ని బయట మాట్లాడే తెలుగులోకి మార్చి రాస్తున్నాను. వాటి రుచి కొంత పోతుంది, ఏం చేస్తాం.

చిన్నప్పుడు యాడి వెంట చిట్యాల వైపు మిర్చి ఏరడానికి పోయేదాన్ని. తెల్లవారుజామున చేన్ల మీద మంచు పరుచుకుని ఉండేది. అందులోంచి ఎరుపు కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది. ముందు ఒక కాయ, తర్వాత ఒక చెట్టు, చూస్తుండగానే చేనంతా. అది మెలకువలో చూశానో నిద్రలో చూశానో నాకు ఇప్పటికీ తేలదు. యాడి కాయలు ఏరుతూ తన పాట తను పాడుకునేది. పాట మధ్యలో తుమ్మేది, తుమ్మి మళ్లీ అక్కణ్నుంచే అందుకునేది. సాయంత్రానికి వేళ్లు భగభగ మండేవి. మర్చిపోయి ఆ వేళ్లతోనే కళ్లు నలుపుకుని ఏడ్చేదాన్ని. అయినా మిరప మీద మాత్రం ఏనాడూ కోపం రాలేదు. మిగతా అన్నింటి మీదా వచ్చేది. "నిన్ను కడుపుల మోసినప్పుడు కారమే తిన్ననేమో" అనేది యాడి.

వానాకాలం నాట్లకు కూడా ఆ ఊరికే పోయేవాళ్లం. ఆ చేను ఆసామి భార్య తన పెరట్లోనే నారు పోసుకునేది. ఆమె మడుల మధ్య వంగి నడుస్తుంటే నాకు కాళ్లు కదిలేవి కావు. ఏరే పని కాదు, నాటే పని కాదు, అసలు మొదలుపెట్టే పని నాకు కావాలనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కూలికి వచ్చిన పిల్లకు అంత కోరిక ఏంటని నవ్వుతారని భయం.

పదో తరగతి తర్వాత గార్లలో ఒక విత్తనాల దుకాణంలో పనికి కుదిరాను. ఊడ్చేదాన్ని, సంచులు సర్దేదాన్ని, రైతులు చెప్పుకునే గోసలన్నీ వినేదాన్ని. మంచి నారు దొరకడం లేదన్నది అందరి గోసలోనూ ఉండేది. "నువ్వే పొయ్యరాదు నారు? మా దుకాణం ముందట పెట్టి అమ్ముకో" అన్నాడు సావుకారి ఒకరోజు, మాట వరసకు. నేను మాత్రం ఆ మాటను పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో వేరే మాట నడుస్తోంది. దసరా కాగానే మేస్త్రీ వెంట పట్నం పోయి బిల్డింగుల పని చేయాలని, ముగ్గురమూ పోవాలని బా నిశ్చయించుకున్నాడు. అందుకే బావి పక్క చెల్కను ఆ ఏడు దున్నకుండా బీడు పెట్టాడు. తండాలో సగం ఇళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. నేను నారు మాట ఎత్తేసరికి బా కస్సుమన్నాడు.

"ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"ఆ దారి ఎట్లుంటదో జర చూద్దాం బా" అన్నాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆయనే దిగివచ్చాడు.

"బాయి ఎనక జాగ తీసుకో. దసరా దాక చూస్త. నారు అమ్ముడుపోతె అందరం ఈడనే ఉందం. లేకుంటె నోరు మూసుకొని మేస్త్రి ఎంట నడువు."

బావి వెనక ఎత్తుగా మడులు కట్టాను. గింజల్ని బూడిదలో, ఇసుకలో కలిపి చల్లాను. పైన గడ్డి కప్పాను. ఒక ఉదయం గడ్డి తీసి చూస్తే పచ్చటి మెడలు వంచుకుని చిన్న చిన్న మొలకలు. మట్టిలోంచి లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉన్నాయి. వాటి పక్కనే పడుకుని ఎంతసేపు చూశానో తెలియదు. నా జీవితంలో అంత ఆనందం మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాలేదు.

నారు చేతికొచ్చే సమయానికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. దుకాణాల షట్టర్లు పడ్డాయి, మా సావుకారిది కూడా. తర్వాత రైళ్లు ఆగిపోయాయి. మా తండాకు గడియారం రైలే. మొదటి బండి కూతకు యాడి పొయ్యి ముట్టించేది, పొద్దుగూకే బండికి మేకలు ఇంటికి వచ్చేవి. రైళ్లు లేని ఆ రోజుల్లో పొద్దు ఎక్కడ మొదలయ్యేదో, ఎక్కడ తెగేదో తెలిసేది కాదు. మేకలు పట్టాల మీద పడుకుని నెమరు వేసేవి. గాలి వీస్తే దూరంగా దీక్షా శిబిరం డప్పు వినిపించేది, గాలి పడిపోతే అదీ లేదు. ఊరంతా ఒకే కల కంటున్నట్టు ఉండేది.

రాష్ట్రం నాకూ కావాలి. సినిమాల్లో మా మాటను దొంగలకూ తాగుబోతులకూ ఇచ్చి నవ్వించేవాళ్లు. తండా వాళ్లమైన మాకు రెండు భాషలు, రెండింటికీ నవ్వేవాళ్లు ఉన్నారు. అందుకే బా రోజూ జెండా భుజాన వేసుకుని శిబిరానికి పోతుంటే నాకు గర్వంగానే ఉండేది. కానీ నారుకు బంద్ తెలియదు. అది పెరుగుతూనే ఉంది. కొనే రైతు రావడానికి బండి లేదు, పెట్టి అమ్మడానికి దుకాణం లేదు. మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగి ఒకదాని మీద ఒకటి వాలుతున్నాయి. ముదిరిన నారు ఎవరూ కొనరు.

ఒక పొద్దున కత్తెర తీసుకుని మడిలో కూర్చున్నాను. చిట్యాలలో ఆ ఆసామి భార్య, వాన ఆలస్యమైన ఏడు, ఎదిగిన నారుకు తలలు తుంచడం చూశాను. తల పోతే కాండం లావెక్కుతుంది, పక్క కొమ్మలు వేస్తుంది. చూశానే గానీ చేసింది లేదు. మొదటి మడి భయపడుతూ కత్తిరించాను. రెండో మడికి వచ్చేసరికి కోపం వచ్చింది. సమ్మె మీదా, మేస్త్రీ మీదా, నా రాత మీదా. శిబిరం నుంచి వచ్చిన బా మొండి మొక్కల్ని చూసి నిలబడిపోయాడు.

"పిచ్చి లేసిందా? కోపం నారు మీద తీస్తున్నవా?"

అవునో కాదో నాకే సరిగ్గా తెలియదు.

వారం తిరిగేసరికి నారు పొట్టిగా, గట్టిగా నిలబడింది. కానీ కొనేవాళ్లేరీ? నేను మడి గట్టు మీద కూర్చుని మట్టి పిసుకుతుంటే యాడి వచ్చింది. "కొనేటోళ్లందరు రోడ్డు మీద కూసున్నరు. నువ్వు ఈడ కూసున్నవ్" అంది. మర్నాడు గార్ల రోడ్డు మీద వంటావార్పు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని బండ్లను ఆపుతాయి.

"ఉద్యమం కాడ బేరమా? నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు బా. పొద్దున్నే మాకంటే ముందు ఒక్కడే వెళ్లిపోయాడు.

యాడీ నేనూ నారు పీకి, కట్టలు కట్టి, తడి గోనెసంచుల్లో చుట్టి తలల మీద పెట్టుకుని నడిచాం. రోడ్డంతా రాళ్ల పొయ్యిలు, పొగ, బతుకమ్మ పాటలు. ఆ పొగలో మనుషులు కనిపించి మాయమవుతున్నారు. బా ఒక గుండిగ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను రోడ్డు అంచున గోనె పరిచి కట్టలు పెట్టాను. చాలాసేపు ఎవరూ రాలేదు.

చివరికి ఒక ముసలి రైతు వచ్చి కూర్చుని కట్ట విప్పాడు. వేర్లు చూశాడు.

"తలలేమైనయి పిల్లా?"

"నేనే తుంచిన తాతా. ముదురుతున్నదని."

"మంచిగ చేసినవ్. దుక్కి దున్ని పెట్టి, నారు దొర్కక పరేషాన్ల ఉన్న."

అంతలో జెండా పట్టుకున్న ఒకతను, "బంద్ నాడు గీ అమ్ముడేంది?" అన్నాడు. గుండిగలో గరిటె తిప్పుతున్న అవ్వ తల ఎత్తకుండానే అంది: "ఏం కొడుకా, తెలంగాణ వచ్చినంక కూరల కారం ఎయ్యవా?"

ఒక్కసారి నవ్వులు లేచాయి. జెండా పట్టుకున్న అతనూ నవ్వాడు. ఆ తర్వాత రైతులు నా చుట్టూ మూగారు. బా వైపు చూశాను. కళ్లు తుడుచుకుంటున్నాడు. ఉల్లిగడ్డలు కోసేవాణ్ని ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు.

అన్నం వడ్డించే వేళకు గోనె మీద కొన్ని కట్టలే మిగిలాయి. బా చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇంకున్నదా?"

"ఉన్నది. ఎవలకు బా?"

"బాయి పక్క చెల్క ఖాళీగనే ఉన్నది గద."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇక పట్నం పోయేది లేదని అర్థమయ్యాక అలవాటు కొద్దీ కట్టలు తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. ఆయన వంగలేదు. రెండు చేతులూ చాపాడు.

"చేతికియ్యి బిడ్డా."

"కొట్లాట అయితది బా."

"అయ్యేటిదంత అయిపోయింది. ఇయ్యి."

వేర్లకున్న తడి మట్టితో సహా నారు ఆయన దోసిట్లో పెట్టాను. యాడి అప్పటికే ఖాళీ గోనెసంచి దులిపి భుజాన వేసుకుని, చెల్క వైపు నడుస్తోంది.